18 అంగుళాల అరుగు

ముంబై రహదారి మీద బస్సు దిగి, అల్లం బస్తాల లారీలు దాటుకుని జహీరాబాద్‌లోని ఆ డిగ్రీ కాలేజీకి చేరేసరికి పది దాటింది. వైకల్యం ఉన్న విద్యార్థుల బాగోగులు చూసే మేడం వరండా దగ్గరే ఉన్నారు, చేతిలో మేస్త్రీలు వాడే టేపుతో.

"ముందు ఇది చూడండి" అంటూ వంగి కొలిచారు. అరుగు ఎత్తు 18 అంగుళాలు. పాత ర్యాంపు పొడవు 6 అడుగులే. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు ఉండాలి. అంటే 18 అడుగులు. పక్కనే ఆ లెక్కన పోసిన కొత్త ర్యాంపు ఉంది.

అంతలో బీకాం చదివే కుర్రాడొకడు చక్రాల కుర్చీలో వచ్చాడు. ఎవరినీ పిలవలేదు. తన చేతులతోనే చక్రాలు తిప్పుకుంటూ పైకెక్కాడు. "మొదట్ల ఇద్దరు దోస్తులు కుర్చీ లేపెటోళ్లు సార్. వాళ్లు రాని దినం నేను గూడ ఇంట్లనే" అన్నాడు.

స్టాఫ్‌రూమ్‌లో మేడం బల్ల మీద వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్లు, పరీక్ష దరఖాస్తులు. స్క్రైబ్‌తో, అంటే చెబితే రాసిపెట్టే మనిషితో, పరీక్ష రాసేవారికి గంటకు కనీసం 20 నిమిషాలు అదనం. మూడు గంటల పేపరుకు నాలుగు గంటలన్నమాట. "ఈ ఊళ్లో తెలుగు, ఉర్దూ, కన్నడ మూడూ నడుస్తాయి. చూపు లేని ఉర్దూ మీడియం అమ్మాయికి ఉర్దూ రాసే మనిషే కావాలి. నెల ముందే వెతుకుతాను" అన్నారామె.

వైకల్యం ఉన్నవారి హక్కుల కోసం వచ్చిన 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో వారికి కనీసం 5 శాతం సీట్లు కేటాయించమంది. సీటొచ్చిన పిల్ల మెట్ల దగ్గరే ఆగిపోతే ఆ శాతానికి అర్థమేముంది? అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగలకూడదని, తప్పనిసరి నియమాలు ఉండాలని 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పుకు దన్నుగా నిలిచిన నివేదిక మన శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రానిది. దాన్ని నడిపించిన ప్రొఫెసర్ అమితా ధండా దశాబ్దాలుగా ఈ హక్కుల కోసమే పనిచేస్తున్నారు.

నేను బయల్దేరేటప్పటికి మేడం లైబ్రరీ గుమ్మం కొలుస్తున్నారు. 70 సెంటీమీటర్లు వచ్చింది. కావలసింది 90. గోడ మీద మరో 20 సెంటీమీటర్ల అవతల సుద్దముక్కతో గీత గీశారు. ర్యాంపు ఎక్కిన కుర్రాడు ఆ గీత పక్కనే కుర్చీ ఆపి, "మేస్త్రీ ఎప్పుడొస్తడు మేడం?" అని అడిగాడు.