మూడేళ్ళు ఆగిన సీసా

నిన్న రాత్రి శ్రీకాకుళంలో, మా మేడ మీద, కోనాం చేప వేపుడు పక్కన పెట్టుకుని మా బావ ఇటలీ నుంచి తెచ్చిన బరోలో సీసా విప్పాడు.

గ్లాసు వంచి రంగు చూడమన్నాడు. తిప్పమన్నాడు. ముక్కు పెట్టమన్నాడు.
పీడ్‌మాంట్ కొండల్లో పండే నెబ్బియోలో ద్రాక్షట. కనీసం 38 నెలలు, అందులో 18 చెక్క పీపాల్లో, ఆగితే గానీ ఆ పేరుతో అమ్మకూడదని అక్కడి చట్టం.
రంగు పల్చనే. వగరు మాత్రం పచ్చి నేరేడు కొరికినట్టు నాలుకని పట్టేసింది. నాకు ఆ వగరే నచ్చింది!

మావయ్య ఒక గుక్క తాగి, "ఏటిరా, మూడేళ్ళు ఆగిందా ఇది? మన జీలుగు కల్లు మద్యాన్నం దాకా కూడా ఆగదు కదరా" అన్నాడు.

ఆయన సీతంపేట ఏజెన్సీలో చాన్నాళ్ళు ఉద్యోగం చేశాడు. నురగ చూసి ఎప్పుడు దించారో చెప్పేస్తాడు. వాసన చూసి కుండ సరిగా కడిగారో లేదో కూడా.
చెట్టు మీద కుండలోనే పులియడం మొదలైపోతుంది మరి. సున్నం రాస్తే ఆగి నీరా అవుతుంది. రాయకపోతే పొద్దున తీపి, ఎండెక్కేకొద్దీ పులుపు.

బరోలోకి ఏ ఏడాదో, చాలాసార్లు ఏ ఊరో, ఏ వాలో కూడా రాసుంటాయి. కల్లుకీ చెట్టుకో రుచి ఉంటుంది, కానీ రాసినోడు లేడు. ధరలో సగం ఆ రాతదేనని నా అనుమానం (బావ ఒప్పుకోడు, సీసా కొన్నది తను కదా).

గుమ్మలక్ష్మీపురం, సీతంపేట వైపోళ్ళు ఎవరైనా ఉన్నారా? మంచి కల్లుకి మీరు ముందు చూసేది నురగా, వాసనా?