మెతుకు దుర్గంలో కొలతగిన్నెలు

పిల్లలూ, మెతుకు అంటే ఉడికిన అన్నపు గింజ అని మీకు తెలుసు. ఆ మాట పేరులో దాచుకున్న ఊరు ఒకటున్నది. హైదరాబాదుకు ఉత్తరాన సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న మెదకు పట్టణమే అది. అక్కడి గుట్టమీద కాకతీయుల నాటి కోటను మెతుకు దుర్గం అనేవారు. ఆ పేరే మెదకు అయిందంటారు.

సంక్రాంతి సెలవులకు వచ్చిన మనవణ్ణీ, మనవరాలినీ వెంటబెట్టుకుని ఒక ఉదయం ఆ కోట ఎక్కాను. మనవడు కంప్యూటరుకు పని చెప్పే సి భాష కొత్తగా నేర్చుకుంటున్నాడు. ప్రథమ ద్వారం, సింహ ద్వారం, గజ ద్వారం దాటాము. పైన పాత ఫిరంగి ఒకటి ఉన్నది. దాని పొడవు 3.2 మీటర్లు. మనవడు నోటుబుక్కులో "ద్వారాలు 3, ఫిరంగి 3.2" అని రాసుకుని, "తాతయ్యా, ఈ రెండూ ఒకే గిన్నెలో పోయకూడదు," అన్నాడు.

"గిన్నె ఏమిటిరా?"

"లెక్కపెట్టినది ఇంట్ అనే గిన్నెలో పోయాలి. కొలిచినది ఫ్లోట్‌లో పోయాలి. ఇంట్‌లో 3.2 పోస్తే 3 మాత్రం నిలుస్తుంది. మిగిలింది ఒలికిపోతుంది."

"మరి 3.9 పోస్తే?"

"అప్పుడూ 3 యే!"

నా బడిలో ఎవడైనా అలా చేసివుంటే మార్కులు కోసేవాణ్ణి.

అప్పుడు నాకు మా అమ్మ బియ్యం కొలిచే పాత్రలు గుర్తుకొచ్చాయి. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ. సి గిన్నెలూ ఇంచుమించు అంతే. నేటి యంత్రాలలో చాలావాటికి చార్ ఒక బైటు, షార్ట్ రెండు, ఇంట్ నాలుగు, డబుల్ ఎనిమిది. అయితే ఊరూరికీ మానిక మారినట్టు, యంత్రాన్నిబట్టి ఈ కొలతలూ మారవచ్చు. పాత యంత్రాలలో ఇంట్‌కు రెండు బైట్లే ఉండేవి. ఇంట్‌లాగే ఫ్లోట్‌కూ నాలుగు బైట్లే గాని, ఒకటి బియ్యం కొలిచేది, రెండవది నూనె కొలిచేది అనుకోండి. ఫ్లోట్ సుమారు ఏడు అంకెలవరకే నమ్మకంగా నిలుపుతుంది. డబుల్ పదిహేను నిలుపుతుంది.

1972 ప్రాంతంలో అమెరికాలోని బెల్ లాబ్స్‌లో డెన్నిస్ రిచీ ఈ భాషను రూపొందించాడు. దానికి ముందున్న బి భాషలో ఇన్ని రకాలు లేవు. అన్నిటికీ ఒకే పాత్ర!

మధ్యాహ్నం చర్చికి వెళ్ళాము. కరువు రోజుల్లో జనానికి పనీ, కూడూ దొరకాలని ఛార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మతగురువు దానిని కట్టించాడు. 1924 డిసెంబరు 25న అది ప్రారంభమైంది. గోపురం ఎత్తు 175 అడుగులు. "ఇది మామూలు చార్‌లో పట్టదు. అందులో 127 దాకానే. రుణ సంఖ్యలు వద్దనుకుంటే 255 దాకా పడుతుంది," అన్నాడు మనవడు.

ఇంటికి రాగానే యంత్రం ముందు కూర్చున్నాడు. 2011 జనాభా లెక్కల్లోనే మెదకు జనం నలభైవేలు దాటారు. సులువుకు 40,000 అని చెప్పాను. వాడు షార్ట్‌లో పోశాడు. తెరమీద -25,536 వచ్చింది! షార్ట్ 32,767 దాకానే పడుతుంది. అది దాటితే లెక్క చుట్టు తిరిగి అవతలి కొసనుంచి మొదలవుతుంది. మానిక నిండితే గింజలు కిందపడి కంటికి కనబడతాయి. ఇక్కడ ఒక్క గింజ రాలలేదు. ఊరు ఊరంతా మైనస్‌లోకి పోయింది, యంత్రం పలకలేదు.

ఇది నవ్వుకుని వదిలే సంగతి కాదు. 1996 జూన్ 4న ఐరోపా వారి ఏరియేన్-5 రాకెట్టు బయలుదేరిన నలభై సెకన్లలోపే దారితప్పి పేలిపోయింది. దాని ప్రోగ్రాము వేరే భాషలో రాసినదే. కాని 64 బిట్ల సంఖ్యను 16 బిట్ల గిన్నెలో పోయబోవడం వల్లనే ఆ కీడు మూడింది. ఎనిమిది బిట్లు ఒక బైటు. అంటే అడ్డెడు తెచ్చి తవ్వలో గుమ్మరించారన్నమాట.

మనవరాలు ఇదంతా వింటూ, "అన్నా, చార్‌లో అక్షరం పెడతారన్నావుగా, 'మె' పెట్టు," అన్నది. వాడు పెట్టలేకపోయాడు. ఇంగ్లీషు పెద్ద 'ఏ' యంత్రానికి 65 అనే చిన్న సంఖ్య. అది ఒక బైటులో కూర్చుంటుంది. మన 'మ'కు నేటి యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు, ఎత్వానికి మరో మూడు. పిల్ల ముఖం చిన్నబోయింది.

"ఒక గిన్నె చాలకపోతే వరుసగా పేర్చవచ్చులే," అని వాడు లెక్క మొదలుపెట్టాడు. ఊరిపేరు ఇంగ్లీషులో రాస్తే అయిదు బైట్లు. తెలుగులో 'మెదకు'కు మ, ఎత్వం, ద, క, కొమ్ము అయిదు గుర్తులు, పదిహేను బైట్లు. వాడు మాత్రం పదహారు గిన్నెలు పేర్చాడు.

"చివరిది ఎందుకురా?" అన్నాను.

"పేరు ఇక్కడితో అయిపోయిందని తెలియడానికి, తాతయ్యా. అందులో సున్న పెట్టాలి."