బొంగులో చికెన్: స్టాల్ పెట్టే ముందు మేం మాట్లాడుకున్నవి

పోస్టు పొడుగే, ఓపిగ్గా చదవండి.

మాది అల్లూరి సీతారామరాజు జిల్లా అనగానే కాలేజీలో వచ్చే మొదటి ప్రశ్న, "అరకా? బొంగులో చికెన్ చేస్తారా?" పేరు అడిగేది ఆ తర్వాతే. మా రూములో ఐదుగురం. ఐదు ఇళ్ళలోనూ కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. వచ్చే నెల ఫుడ్ ఫెస్ట్‌లో బొంగులో చికెన్ స్టాల్ పెట్టమని మమ్మల్ని అడిగారు. పెట్టాలా వద్దా అని నాలుగు రాత్రులు మాట్లాడుకున్నాం.

ముందు వంట సంగతి. బొంగు పచ్చిది కావాలి. ఎండుదైతే మాంసం ఉడక్కముందే అదే కాలిపోద్ది. కింద కణుపు మూసుకుని, పైన తెరుచుకుని ఉండేలా నరుకుతారు. కోడికి ఈకలు పీకి, తోలు తియ్యకుండా మంట మీద కాల్చి, చిన్న ముక్కలు కొడతారు. ఉప్పు, పసుపు, కారం, అల్లం, వెల్లుల్లి పట్టించి కాసేపు వదిలేస్తారు. బొంగు నిండా కూరకూడదు, నాలుగు వేళ్ళ ఖాళీ ఉంచాలి. లేదంటే పొంగి రసమంతా నిప్పుల పాలే. మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద ఏటవాలుగా పెట్టి తిప్పుతూ ఉండాలి. నీళ్ళు పొయ్యరు, నూనె వెయ్యరు. పచ్చి బొంగులో తడి, మాంసంలో నీరు ఆవిరై లోపలే తిరుగుతాయి. గ్రిల్ మీద చికెన్ అయితే పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతుందని భయం. ఇక్కడ మాడేది బొంగే, ముక్కకి మంట తగలదు. బ్రాయిలర్‌కి అరగంట, ముప్పావుగంట చాలు. ముదురు నాటుకోడి అయితే గంట దాటుద్ది. మా పెద్దోళ్ళు వాచీ చూడరు, మూతి దగ్గర వాసన చూసి దించేస్తారు.

"నూనె లేదు, ఆరోగ్యం" అని వీడియోల్లో చెప్తుంటారు. మంచిదే, కానీ ఆ వంట పుట్టింది అందుకు కాదు గదా. పోడుకో అడవికో పోయేటప్పుడు గిన్నె ఎవరు మోస్తారు? నూనె సంతలో డబ్బులిచ్చి కొనేది. గిన్నె మాత్రం కొండ మీదే మొలుస్తుంది.

అసలు కోడిని కొయ్యడమే మనకి పెద్ద సంగతి. పండక్కో, మొక్కుకో, చుట్టాలొస్తేనో. మిగతా రోజుల్లో కోడంటే డబ్బు. మాలో ముగ్గురికి హాస్టల్ పెట్టె, దుప్పటి, బస్సు చార్జీ సంతలో అమ్మిన కోళ్ళ మీదే వచ్చాయి. "మీరు రోజూ చికెనేనంట గదా" అని క్లాసులో అంటే ఏం చెప్పాలి? రోజూ తాగేది చోడి అంబలి. దానికి స్టాల్ పెట్టమని ఎవరూ అడగలేదు.

ఇంకోటి బొంగు. 2006 అటవీ హక్కుల చట్టంలో వెదురు చిన్న తరహా అటవీ ఉత్పత్తి. అంటే దాన్ని సేకరించుకుని అమ్ముకునే హక్కు అడవిలో బతికే మనకి ఉంది. 2017లో అడవి బయట పెరిగే వెదురుని 'చెట్టు' అనే లెక్కలోంచి కూడా తీసేశారు. కానీ ఒక బొంగు ఒక్క వంటకే. అరకు రోడ్డు పక్కన సాయంత్రానికి పోగుపడే నల్లటి బొంగులు చూస్తే మాకు లెక్క వెయ్యాలనిపిస్తుంది. టూరిస్టు ఇచ్చిన డబ్బులో ఆ బొంగు నరికి మోసుకొచ్చినోడికి ఎంత చేరుతుంది?

చివరికి పెడదామనే అనుకున్నాం. ఎర్ర రంగు కలపం. బోర్డు మీద "ట్రైబల్ స్పెషల్" అని కాకుండా మా మండలం పేరు రాస్తాం. తలకి ఈకలు, ముఖానికి రంగులు పెట్టుకుని నిలబడం. మేం ఎప్పుడూ కట్టని వేషం అది. ఈకల విషయం ఫెస్ట్ చూసుకునేవాళ్ళు ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోతే స్టాల్ లేదని చెప్పేశాం. ఒకమ్మాయి మాత్రం అంబలి కుండ కూడా పక్కన పెడదామంటోంది, మాకూ బాగానే ఉంది.

ఇక్కడ దొరికేది బ్రాయిలరే. బొంగులు ఊరి నుంచి ముందురోజు బస్సులో వస్తాయి, ఇరవైకి మించి నరకొద్దని చెప్పాం. అడ్డాకులు తేగలిగినోళ్ళు ఎవరైనా ఉంటే కామెంట్లో చెప్పండి.