పార్క్‌లేన్ నుంచి పాటల మూట

సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ దగ్గర బస్సు దిగి, పార్క్‌లేన్ వైపు నడిస్తే చెనాయ్ ట్రేడ్ సెంటర్ వస్తుంది. పూర్తిపేరు ఎవరూ పలకరు. సీటీసీ అంటే చాలు, కంప్యూటర్ ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. మౌస్ నుంచి మదర్‌బోర్డు దాకా ఏది కావాలన్నా నగరం ఇక్కడికే వచ్చేది.

2000 తర్వాత కొన్నేళ్లపాటు ఇక్కడికొచ్చినవాళ్లు తప్పక కొనే వస్తువు ఒకటుండేది. అదే ఖాళీ సీడీ! మధ్యలో కడ్డీకి గుచ్చి, గారెల్లా దొంతరగా పేర్చి అమ్మేవారు. ఇంటికి తెచ్చి నచ్చిన పాటలు ఎక్కించుకోవడమే తరువాయి.

ఎక్కించడాన్ని 'బర్న్ చేయడం' అనేవారు. మంటేమీ ఉండదు. ఖాళీ సీడీలో పల్చటి రంగు పొర ఉంటుంది. లేజర్ తగిలినచోట ఆ రంగు మారుతుంది. ప్లేయర్ ఆ గుర్తుల్ని చదివి పాట వినిపిస్తుంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ఈ సదుపాయం ఉన్నా, చాలామంది 'నీరో' సాఫ్ట్‌వేర్‌నే నమ్ముకున్నారు.

అసలు తంటా పాటల ఎంపికలో. మామూలు ఆడియో సీడీలో పట్టేది 80 నిమిషాలే. పాట అయిదు నిమిషాలనుకుంటే పదహారు! తాతయ్యకి ఘంటసాల పద్యాలు, అమ్మకి సుశీల, నాన్నకి బాలు, పిల్లలకి కొత్త సినిమా. ఇంట్లో పెద్ద పంచాయితీయే. ఎంపీ3లైతే వందకు పైగా పట్టేవి కానీ, పాత ప్లేయర్లు వాటిని పాడేవి కావు. తీరా బర్నింగ్ మొదలయ్యాక 'కంప్యూటర్ ముట్టుకోవద్దు' అని ఇంట్లో కర్ఫ్యూ. మధ్యలో కరెంటు పోతే అంతే సంగతులు, ఆ సీడీ గుమ్మానికి అలంకారం!

కొందరు ఇంకో అడుగు ముందుకేశారు. కోఠి గుజరాతీ గల్లీలో ఓ వైరు కొని, టేప్‌రికార్డర్‌ని కంప్యూటర్‌కి కలిపారు. క్యాసెట్‌లోని అమ్మమ్మ మంగళహారతి, పసిపిల్లల ముద్దుమాటలు సీడీలోకి చేరాయి. అమెరికా వెళ్లే అబ్బాయి సూట్‌కేసులో ఆవకాయ సీసా పక్కన ఆ సీడీకీ చోటు దొరికింది.

ఇప్పుడు సినిమా పాటలకు కొదవలేదు, ఫోన్లో అడిగిందే ఆలస్యం. అమ్మమ్మ గొంతు మాత్రం ఆ ఒక్క సీడీలోనే ఉంది. కంపెనీలు అచ్చువేసిన సీడీల్లా కాదు, ఇంట్లో రాసినవాటికి ఆ రంగు పొరే ప్రాణం. ఎండ, వేడి, తేమ దాన్ని మెల్లగా తినేస్తాయి. పేరు రాసుకునే వైపు గీత పడితే మరీ ప్రమాదం. ఆ పొర దాని కిందే ఉంటుంది మరి.

అందుకే అటక మీది పెట్టె ఓసారి దించి చూడాలి. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి సీడీ డ్రైవ్ ఉండదు కాబట్టి, యూఎస్‌బీకి తగిలించే డ్రైవ్ ఒకటి కావాలి. దాన్ని కొనడానికి మళ్లీ పార్క్‌లేన్ బాట పట్టొచ్చు. అప్పట్లో పాటలు ఎక్కించుకోవడానికి వెళ్లిన దారే, ఇప్పుడు అమ్మమ్మ గొంతుని దించుకోవడానికి!