రంగుల పట్టిక

అధ్యాపక వృత్తి చేపట్టిన తొలినాళ్లలో గణాల పట్టికను రంగులతో గీసి తరగతి గోడకు తగిలించాను. గురువుకు ఎర్రచుక్క, లఘువుకు ఆకుపచ్చ చుక్క. చూసినవారు మెచ్చుకున్నారు, నేనూ మురిసిపోయాను.

ఒక విద్యార్థి పద్యాన్ని శ్రావ్యంగా చదివేవాడు. గణవిభజన చేయమంటే మాత్రం పట్టికవైపు చూసి తడబడేవాడు. శ్రద్ధ లేదని అందరి ముందూ మందలించాను. సాయంత్రం అతడు వచ్చి, “సార్! ఆ చుక్కలన్నీ నాకు ఒకే రంగులో కనబడతాయి” అన్నాడు. ఎనిమిది గణాలూ అతనికి మూడేసి చుక్కలే! నాకు నోట మాట రాలేదు.

ఎరుపు, ఆకుపచ్చల భేదం తెలియని వర్ణాంధత్వం పురుషులలోనే ఎక్కువ. పరమాణు సిద్ధాంతకర్త జాన్ డాల్టన్‌కూ ఉండేది. 1794లో దానిని గురించి ఆయనే ప్రసంగించాడు.

ఆ రాత్రే పట్టికను తిరగరాశాను. గురువుకు గిన్నె వంటి వంపుగీత, లఘువుకు నిలువుగీత, రెండూ నల్లసిరాతోనే. పాఠ్యగ్రంథాలలో ఉన్న గుర్తులే అవి. వాటిని కాదని రంగుల వెంటపడినవాడిని నేనే. గురువులు తగ్గే వరుసలో మగణంతో మొదలుపెట్టి నగణంతో ముగించాను. రంగులు తెలిసినవారికీ ఇదే సులువుగా ఉందట!

మరునాడు తరగతి ముందే అతణ్ణి క్షమించమన్నాను. అతడు తలవంచుకొని, నల్లబల్లపై ఉన్న ఉత్పలమాల పాదాన్ని భ, ర, న, భ, భ, ర, వ అని తడుముకోకుండా విభజించాడు.