ఎలుగుబంట్ల ఊరికి ఆవకాయ వద్దు

ప్రయాణం అనగానే మన చేతులు ముందు పులిహోర కలపడానికే పోతాయి. అమెరికాలోని అలాస్కాలో ఉన్న కట్మాయ్ నేషనల్ పార్కుకి మాత్రం ఈ అలవాటుతో వెళ్ళకూడదు సుమండీ! అక్కడున్నవి సుమారు రెండువేల గోధుమరంగు ఎలుగుబంట్లు. సియాటిల్‌లో ఉన్న మా చెల్లెలు వచ్చే జూలైకి మమ్మల్ని రమ్మని, అందరం కలిసి అక్కడికి వెళ్దామంటోంది. అప్పట్నించీ మా ఇంట్లో ఇదే చర్చ.

ఆ చోటికి రోడ్డు లేదు. ఆంకరేజ్ నుంచి కింగ్ సాల్మన్ అనే ఊరికి విమానంలో వెళ్ళి, అక్కణ్ణించి నీళ్ళమీద దిగే చిన్న విమానంలో బ్రూక్స్ క్యాంపు చేరాలి. వానా, పొగమంచూ పట్టుకుంటే ఆ చిన్న విమానం కదలదు. తిరుగు టిక్కెట్టుకి ముందు ఒకటి రెండు రోజులు ఖాళీ ఉంచుకోవాల్సిందే. మావారు లెక్కేసి, "ఈ డబ్బుతో కాశీ, బదరీ రెండూ చూసి రావచ్చు" అన్నారు. నిజమే. కానీ నేను చెల్లెల్ని చూసి ఆరేళ్ళయింది.

జూలైలోనే ఎందుకంటే, అప్పుడు సాల్మన్ చేపలు గుడ్లు పెట్టడానికి సముద్రంలోంచి ఏటికి ఎదురెక్కుతాయి. మన గోదావరికి ఎర్రనీరు రాగానే పులస ఎదురీదినట్టే! దారిలో మనిషెత్తు జలపాతం ఉంది. ఎలుగులు దాని అంచున నిలబడి, ఎగిరే చేపని నోటితో అందుకుంటాయి. వేసవిలో పట్టిన కొవ్వుతోనే చలికాలమంతా తిండీ నీళ్ళూ లేకుండా బొరియలో పడుకోవాలి మరి. తల్లి ఎలుగు ఆ బొరియలోనే పిల్లల్ని కని, తనేమీ తినకుండానే పాలిస్తుంది. ఒళ్ళు చేసిందని దాన్నెవరూ ఏమీ అనరు, అదృష్టవంతురాలు!

దిగగానే ముందు పార్కువాళ్ళు పాఠం చెబుతారు. ఎలుగుకి కనీసం 50 గజాల దూరంలో ఉండాలి. తిండే కాదు, సబ్బు, టూత్‌పేస్టు, కొబ్బరినూనె లాంటి వాసన వచ్చేవన్నీ అందుకని కట్టిన గదిలో పెట్టెయ్యాలి. జలపాతం దాకా వెంట తీసుకెళ్ళగలిగింది మంచినీళ్ళు మాత్రమే. మనిషి తిండి రుచి మరిగిన ఎలుగుకి భయం పోతుంది. మనుషుల మీదకి వస్తుంది. చివరికి దాన్ని చంపాల్సి రావచ్చు. మన పొట్లంలోని రెండు గారెలు దాని ప్రాణం తీస్తాయన్నమాట. అందుకే ఆవకాయ సీసా సియాటిల్‌లోనే ఆగిపోతుందని మావారికి ముందే చెప్పేశాను.

రాత్రి ఉండాలంటే కరెంటు కంచె ఉన్న చోట గుడారం వేసుకోవాలి. ఆ చోట్లు జనవరిలో ఇవ్వడం మొదలుపెట్టగానే అయిపోతాయి. గదులకైతే లాటరీ. ఏదీ దొరక్కపోతే పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చెయ్యడమే. చీరలు కుదరవు. ప్యాంటు, బూట్లు, రెయిన్‌కోటు తప్పవు. దోమలు కూడా బాగా ఉంటాయట, తలమీంచి వేసుకునే వలలు చెల్లెలే కొంటానంది.