హిస్సా

షేర్ మార్కెట్ ఎక్కుతున్నప్పుడు అందులోనే ఉండాలా, డబ్బు తీసుకుని బయటికి రావాలా అన్నది డబ్బున్నోళ్ళ సమస్య అనుకుంటారు. సాయిబుల ఇళ్ళలో ఆ మాట వినపడుతుందని ఎవరూ అనుకోరు. మా మీద రాసేవాళ్ళు పంక్చర్ అంగడి దగ్గరో, కువైట్ వీసా దగ్గరో, తలాఖ్ దగ్గరో ఆగిపోతారు. కానీ 2024 ఎండాకాలం నుంచి సెప్టెంబర్ దాకా పుంగనూరులో మా ఇంట్లో నడిచిన గొడవ ఇదే. అన్నదమ్ములు ఇద్దరు, అక్కచెల్లెళ్ళు ఇద్దరు, మధ్యలో అమ్మ.

మాది పట్టు రీలింగ్ చేసి బతికిన ఇల్లు. పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో, అంటే పుంగనూరు, మదనపల్లె, పలమనేరు, కుప్పం వైపు, పట్టుగూళ్ళు పెంచేది రైతులు. వాటిని ఉడకేసి దారం తీసేవాళ్ళలో మావాళ్ళు చాలామంది. తెల్లారే మార్కెట్‌కు పోయి వేలంలో గూళ్ళు పాడుకోవాలి. ఈ పొద్దు గూడు ధర ఎంతో తెలుసు. దారం అమ్మేనాటికి దారం ధర ఎంతో తెలీదు. చైనా పట్టు దండిగా దిగిన ఏడాది దారం తీసినోడి నోట్లో మట్టే. కాబట్టి ధర ఎక్కడం, దిగడం మాకు కొత్త కాదు. మాకు తెలియనిది ఒకటే, నిలబెట్టడం. గూడును నిలబెడితే లోపలి పురుగు రెక్కలొచ్చి తొలుచుకుని బయటికొస్తుంది. ఆ గూడు ఇంక దారానికి పనికిరాదు. పక్కనే మదనపల్లె టమాటా కూడా అంతే. 2023 జూలై చివర్లో అక్కడ కిలో 200 రూపాయల దాకా పోయింది. సెప్టెంబర్‌కల్లా కోత కూలి కూడా రాని ధరకు పడింది. ధర ఉన్నప్పుడు అమ్మనోడు రోడ్డు మీద పారబోయాల్సిందే. పుట్టినప్పటినుంచి కుళ్ళిపోయే సరుకుతో బతికినవాళ్ళం, కుళ్ళని సరుకు ఒకటి చేతికొచ్చేసరికి ఏం చెయ్యాలో తోచలేదు.

అది చేతికెట్లా వచ్చిందంటే, 2020లో అబ్బా పోయినాడు. రీలింగ్ అంతకుముందే మూతపడింది. బేసిన్లు, షెడ్డు, షెడ్డు కింద జాగా అమ్మితే పన్నెండు లక్షలు వచ్చాయి. (ఆ జాగా కాగితాలు వెతుక్కునే పని పడలేదు. 2019 డిసెంబర్‌లో పౌరసత్వ చట్టం వచ్చినప్పుడు మా వీధిలో అందరిలాగే మేమూ ట్రంకుపెట్టె అడుగు దాకా వెతికి, ఉన్న కాగితమల్లా ఒక సంచిలో పెట్టుకున్నాం. భయం కూడా ఒక్కోసారి పనికొస్తుంది.) బెంగుళూరులో పనిచేసే మా పెద్దవాడు ఆ పన్నెండు లక్షలూ ఒక ఫండ్‌లో వేసినాడు. మన షరియత్ ఒప్పే కంపెనీల షేర్లే కొనే ఫండ్ అన్నాడు. ఖాతా తన పేరు మీదే.

బ్యాంకులో ఎందుకు వేయలేదని అడుగుతారు. సూద్ హరాం. అది చెప్పుకోడానికి బాగుంటుంది. కానీ మా వీధిలో నగలు కుదువ పెట్టి వడ్డీ కట్టని ఇల్లు వెతికినా దొరకదు. సూద్ తీసుకోవడానికి అల్లాకు భయపడతాం, సూద్ కట్టడానికి మాత్రం సేటు అంగడి ముందు వరసలో నిలబడతాం. బ్యాంకు కూడా మా వైపు పెద్దగా చూసింది లేదు. మావాళ్ళు ఎక్కువగా ఉండే పేటల్ని కొన్ని బ్యాంకులు అప్పులకు పనికిరాని ప్రాంతాలుగా గుర్తు పెట్టుకున్నాయని 2006లో సచార్ కమిటీయే రాసింది. వడ్డీ లేని బ్యాంకింగ్‌కు దారి వెయ్యమని 2008లో రఘురామ్ రాజన్ కమిటీ చెప్పింది. 2017లో రిజర్వ్ బ్యాంకు ఆ సంగతి ఇంక ముందుకు తీసుకుపోమని చెప్పేసింది.

ఆ ఖాళీలోకి గడ్డాలు పెంచుకున్న కంపెనీలు దూరాయి. హలాల్ లాభం, నెలనెలా చేతికి. 2019 జూన్‌లో బెంగుళూరులో ఐ.ఎం.ఏ. కూలిపోయి యజమాని దుబాయ్ పారిపోయినప్పుడు ఫిర్యాదులు ఇచ్చినవాళ్ళు వేలకు వేలు. అందులో ఇల్లు అమ్మి పెట్టినోళ్ళున్నారు, కూతురి షాదీకి దాచింది పెట్టినోళ్ళున్నారు. సలాం చెప్పి, బిస్మిల్లా అని మొదలుపెట్టేవాడు మోసం చేయడని నమ్మడం మా జబ్బు. ఫండ్ మీద సెబీ ఉంది, రోజూ ధర రాస్తారు, అడిగిన మూడునాలుగు రోజుల్లో డబ్బు ఖాతాలో పడుతుంది. మా పెద్దవాడి ఈ మాటకు మాలో ఎవ్వరికీ ఎదురు చెప్పాలనిపించలేదు, ఇప్పటికీ అనిపించడం లేదు.

2020 మార్చి 23న సెన్సెక్స్ 26 వేల లోపలికి పడింది. 2024 సెప్టెంబర్ 27న దాదాపు 86 వేలు తాకింది. దేశంలో 4 కోట్లున్న డీమ్యాట్ ఖాతాలు 2024 మార్చికే 15 కోట్లు దాటాయి. మా పన్నెండు లక్షలు ఇరవయ్యారు దాటాయి. మా అబ్బా జన్మంతా వేడినీళ్ళలో చెయ్యి పెట్టి సంపాదించినదానికంటే నాలుగేళ్ళు ఊరకే కూర్చున్న కాగితం ఎక్కువ సంపాదించింది. ఈ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అందరికీ తెలుసు.

ఇంక గొడవ. పెద్దవాడు తియ్యొద్దన్నాడు. మహారాష్ట్రలో అమల్నేర్ అని చిన్న ఊరుందని, విప్రో అక్కడ వంటనూనె మిల్లుగా మొదలైందని, ఆ ఊళ్ళో మామూలు మనుషులు ఏవో నాలుగు షేర్లు కొని దశాబ్దాలు అమ్మకుండా ఉంచుకుంటే కోటీశ్వరులయ్యారని చెప్పినాడు. అజీమ్ ప్రేమ్‌జీ పేరు చెప్పేటప్పుడు మావాళ్ళ గొంతు కొంచెం పెరుగుతుంది. చిన్నవాడికి ఆ కథ ఎక్కలేదు. 1992 ఏప్రిల్ 22న సెన్సెక్స్ 4,467 దాకా పోయినప్పుడు కూడా జనం ఇట్లే చెప్పుకున్నారు, హర్షద్ మెహతా బండారం బయటపడ్డాక ఎంతమంది మునిగారో చూడమన్నాడు. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చిన ఒక్క రోజులో ఆ షేరు ముప్పావు వంతు పైగా పోయింది గదా అన్నాడు. ఇదే చిన్నవాడి కొడుకు ఫోన్‌లో ఆప్షన్లు ఆడుతున్నాడని తర్వాత తెలిసింది. అది షేరు కాదు, జూదం. మూడేళ్ళలో అట్లా ఆడిన మామూలు మనుషుల్లో నూటికి 93 మంది పోగొట్టుకున్నారని 2024 సెప్టెంబర్‌లో సెబీయే లెక్క చెప్పింది. దాని గురించి ఏ జుమ్మా బయాన్‌లోనూ మేము వినలేదు. సంగీతం హరాం అని మాత్రం నెలకోసారి వింటాం.

1992 అంటే మాకు హర్షద్ మెహతా కంటే ముందు గుర్తొచ్చేది ఆ డిసెంబర్. ఆ మరుసటి ఏడాది మార్చి 12న బొంబాయిలో మొదటి బాంబు పేలింది స్టాక్ ఎక్స్‌ఛేంజ్ భవనంలోనే. ఆ భవనం పేరు మా ఇళ్ళలో మొదటిసారి వినపడింది షేర్ల వల్ల కాదు. బాంబులు పెట్టినవాళ్ళ పేర్లు మా పేర్లలాగే ఉన్నాయని, ఎక్కడో పుంగనూరులో చెయ్యి నీళ్ళలో పెట్టుకున్న మనిషిని కూడా జనం ఒకసారి తేరిపార చూసిన రోజులవి. ఆ ఎక్స్‌ఛేంజిలోనే తర్వాత, 2010లో, షరియత్ సూచీ ఒకటి పుట్టింది. మా పెద్దవాడి పట్టుదలలో ఇది కూడా ఉంది. "దేశం పెరుగుతావుండాది అంటారు గదా, ఆ పెరిగేదాంట్లో మనకీ హిస్సా ఉండాదని చూపించేదానికి మన చేతిలో ఉండే కాగితం ఇదొక్కటే. దీన్ని కూడా నేనే పోయి ఇచ్చేసి రావాల్నా?" అన్నాడు.

అప్పుడు మా చిన్నది అడిగింది. "ఆ కాగితంలో నా పేరు యాడుండాది భాయ్?"

నాలుగు నెలలుగా ఉండాలా, దిగాలా అని కొట్టుకుంటున్నాం. ఎవరి డబ్బు అన్నది ఎవరూ అడగలేదు. సూరా నిసాలో లెక్క స్పష్టంగా ఉంది. భర్త పోతే, పిల్లలున్న భార్యకు ఎనిమిదో వంతు. మిగిలినదాంట్లో కొడుక్కు రెండు పాళ్ళయితే కూతురికి ఒకటి. పన్నెండు లక్షల్లో అమ్మది లక్షన్నర. మగపిల్లలకు తలా మూడున్నర, ఆడపిల్లలకు తలా లక్షా డెబ్బై ఐదు వేలు. కొడుకులో సగమేనా అని బయటివాళ్ళు మమ్మల్ని అడుగుతారు. అడగాల్సిందే. కానీ మా ఇళ్ళలో ఆ సగం కూడా ఆడబిడ్డ చేతికి పోదు. మాఫ్ చేసేయమ్మా అంటారు. చేయకపోతే పుట్టింటి వాకిలి మూసుకుపోతుంది. మా పెద్దవాడు మాఫ్ అడగలేదు, అంత చెడ్డవాడు కాదు. "పెరుగుతావుండాది గదా, ఇప్పుడెందుకు" అన్నాడు. పడిపోయినప్పుడు అడిగితే "పడిపోయింది గదా, ఇప్పుడెట్లా" అని ఉండేవాడు. ఎక్కే మార్కెట్ అన్నదమ్ములకు దొరికిన కొత్త సాకు. పాత రోజుల్లో పొలం పేరు చెప్పేవాళ్ళు.

ఈ కోణంలో చూస్తే ఉండాలా దిగాలా అన్న ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు ఉండదు. మా పెద్దదానికి కూతురి నర్సింగ్ కాలేజీ ఫీజు కట్టాలి, కుదువ అంగడిలో నాలుగు గాజులున్నాయి. ఆ డబ్బుకు తారీఖు ఉంది. తారీఖున్న డబ్బును ఎంత మంచి మార్కెట్‌లోనైనా వదిలి కూర్చోలేం. మళ్ళీ ఎక్కే దాకా ఆగే ఓపిక జీతం ఉన్న ఇంట్లో ఉంటుంది. కూలికి పోయే ఇంట్లో ఉండదు.

షరియత్ వడపోత గురించి కూడా ఒకటి చెప్పాలి. సారా, వడ్డీ బ్యాంకులు, జూదం చేసే కంపెనీలను తీసేస్తారు, అది తేలికే. అప్పు ఎక్కువున్న కంపెనీలనూ తీసేస్తారు. ఆ అప్పును కొందరు కంపెనీ మొత్తం ఆస్తితో పోలుస్తారు, కొందరు షేర్ల మార్కెట్ విలువతో పోలుస్తారు. రెండో పద్ధతిలో మార్కెట్ ఎక్కితే అదే కంపెనీ, అదే అప్పు, హలాల్ అయిపోతుంది. దిగితే హరాం. ధరల సగటు తీసుకుని దీన్ని కొంత సర్దుతారు గానీ, ఎక్కేటప్పుడు అందరూ పుణ్యాత్ములుగా కనపడే రోగం పూర్తిగా పోదు. అమ్మకు ఇది చెబితే నవ్వింది. మన మామూ కూడా కువైట్ నుంచి వచ్చిన ఏడాదే నమాజీ అయినాడు అంది.

చివరికి 2024 సెప్టెంబర్ చివరి వారంలో అక్కచెల్లెళ్ళ పాళ్ళు తీసినాం. తలా మూడు లక్షల డెబ్బై తొమ్మిది వేలు. ఆ జూలై బడ్జెట్‌లో షేర్ లాభం మీద పన్నును పది నుంచి పన్నెండున్నర శాతం చేశారు. పన్ను పెద్దవాడి పేరు మీద పడుతుంది కాబట్టి అదెవరి పాలులోంచి అని ఇంకో వారం గొడవ. వాళ్ళవాళ్ళ లాభం కొద్దీ వాళ్ళే పెట్టుకున్నారు. తలా మూడు లక్షల అరవై వేలు చేతికొచ్చాయి. పెద్దది గాజులు విడిపించుకుంది, ఫీజు కట్టింది. అన్నదమ్ములు తమవి ఉంచుకున్నారు. డెబ్బై దాటిన అమ్మ మాత్రం తియ్యొద్దంది. "నాది అట్లే ఉండనీ. నా తర్వాత ఎట్లాగూ మళ్ళీ లెక్కేసుకోవాల గదా, ఈసారి సరిగ్గా వేసుకోండి" అంది.

మా చిన్నది తన మూడు లక్షల అరవై వేలూ తీసుకుపోయి మళ్ళీ అదే ఫండ్‌లో వేసింది, తన పేరు మీద. నామినీగా కూతుర్ని రాసింది. అందరం తిట్టినాం. శిఖరం మీద ఎవరైనా కొంటారా అని పెద్దవాడే అన్నాడు, అంతదాకా తియ్యొద్దన్న మనిషి. అక్టోబర్ నుంచి మార్కెట్ దిగడం మొదలైంది. 2025 మార్చి మొదట్లో సెన్సెక్స్ 73 వేల దగ్గరికి వచ్చింది. ఆమె డబ్బు మూడు లక్షల చిల్లరకు వచ్చింది. ఏమంటావు ఇప్పుడు అని చిన్నవాడు అడిగితే, "దిగింది నాది గదా, మీకేమి" అంది. 2025 నవంబర్ చివర్లో సెన్సెక్స్ మళ్ళీ 86 వేలు దాటింది. అప్పుడూ ఆమె ఏమీ అనలేదు.

ఆ మార్చి 2 నుంచే రంజాన్. జకాత్ లెక్క ఇంతకుముందు మొత్తం మీద పెద్దవాడే కట్టేవాడు. ఈసారి చిన్నది తన లెక్క తానే వేసుకుంది. కొన్న ధర మీద కట్టాలా, ఈనాటి ధర మీదా అని ఇమాం సాబ్‌ను అడిగించింది. ఈనాటి ధర మీద కట్టడం మేలన్నాడు. వేరే ఉలమాలు వేరేగా చెబుతారు, ఆమె దీన్నే పట్టుకుంది. తమాషా ఏమిటంటే 2024లో రంజాన్ మొదలైన మార్చి 12న కూడా సెన్సెక్స్ 73 వేల పైచిలుకే. ఒక రంజాన్ నుంచి ఇంకో రంజాన్ లోపల అది 86 వేల దాకా ఎక్కి మళ్ళీ అదే మెట్టు మీదికి దిగింది. మేము నెలల తరబడి కొట్టుకున్న ఆ ఎక్కుడంతా జకాత్ పద్దులో ఎక్కడా కనపడలేదు. మూడు లక్షలకు నూటికి రెండున్నర చొప్పున ఏడున్నర వేలు తేలింది. ఫండ్ ముట్టుకోలేదు. జాకెట్లు కుట్టిన డబ్బులోంచి తీసి, మా పాత షెడ్డులో దారం తీసిన ఒక ముసలామెకు ఇఫ్తార్‌కు ముందు ఇచ్చి వచ్చింది.